గో నేర్చుకోవాలా? కోర్సు పక్కనపెట్టి ఒక చిన్న టూల్ రాయండి

హనుమకొండ, కాజీపేట వైపు రూముల్లో ఉండి బీటెక్ చదివే పిల్లలు కలిసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, గో నేర్చుకోవాలంటే ఏ కోర్సు తీసుకోవాలె?" సీ ఫస్టియర్‌లోనే అయిపోయింది, జావా సెమిస్టర్ కోసం చదివారు, పైతాన్ ఎలాగో వచ్చింది, ఇప్పుడు ఉద్యోగ ప్రకటనల్లో గో అనో రస్ట్ అనో ఇంకో ప్రోగ్రామింగ్ భాష కనిపిస్తోంది కాబట్టి టెన్షన్. ఏ కోర్సూ వద్దు. ఒక భాషలో ప్రోగ్రాం రాయడం వచ్చినవాళ్లు ఇంకో భాష కోసం గంటలకొద్దీ వీడియోలు పెట్టుకుంటే సగం సమయం వేరియబుల్ అంటే ఏంటి, లూప్ అంటే ఏంటి అనే దగ్గరే పోతుంది, మిగతా సగం వింటున్నంతసేపు అర్థమైనట్టే ఉండి ఎడిటర్ తెరవగానే ఏమీ గుర్తురాదు. దాని బదులు మీకే రోజూ పనికొచ్చే చిన్న టూల్ ఒకటి ఆ భాషలో రాసి, మీ సొంత ఫోల్డర్ల మీద నడపండి. అది ఎక్కడెక్కడ తప్పు చెప్తుందో, ఎక్కడ ఆగిపోతుందో అక్కడే ఆ భాష అసలు స్వభావం తెలుస్తుంది.

కింద కమాండ్లు, ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ స్పెల్లింగ్ మీరే వేసుకోండి, కష్టమేమీ కాదు.

ముందు టూల్ ఏదో తేల్చుకోండి

వాతావరణం యాప్ వద్దు, చాట్ యాప్ అసలే వద్దు. వాటిలో మీ సమయమంతా ఏపీఐ కీలతో, స్క్రీన్ డిజైన్‌తో గడిచిపోతుంది, భాష పక్కకు పోతుంది. మంచి టూల్‌ని గుర్తుపట్టడం తేలిక: ఫైళ్లు చదవాలి, టెర్మినల్‌లో అక్షరాలు చూపించాలి, ఏం చేయాలో మీకు ముందే పూర్తిగా తెలిసి ఉండాలి. చివరిది చాలా ముఖ్యం. ఏం చేయాలో ఆలోచించడం, కొత్త భాషలో ఎలా చెప్పాలో ఆలోచించడం, రెండూ ఒకేసారి పెట్టుకుంటే మూడోరోజుకే వదిలేస్తారు.

నా ఎంపిక ఇది. మనందరం కోడ్‌లో "టూడూ: ఇది తర్వాత సరిచేయాలి", "ఫిక్స్‌మీ" అని కామెంట్లు రాసి వదిలేస్తాం. కిరాణా కొట్టులో ఉద్దెర ఖాతా లాగా అవి పేరుకుపోతూనే ఉంటాయి, ఎవరూ పుస్తకం తెరిచి చూడరు. ఫోల్డర్ మొత్తం వెతికి అలాంటి లైన్లన్నీ ఫైల్ పేరు, లైన్ నంబర్, ఎన్నాళ్లనాటిదో సహా చూపించే టూల్ రాద్దాం. పేరు "బాకీ" అని పెట్టుకుందాం.

ఫైళ్లలో ఒక మాట ఉన్న లైన్లు వెతికిపెట్టే గ్రెప్ కమాండ్‌తో ఒక్క లైన్‌లో అయ్యేదానికి ఇంత హంగామా ఎందుకంటారా? గ్రెప్ ఉండటమే మనకు లాభం. మీ టూల్ చూపించిన లైన్లు, గ్రెప్ చూపించిన లైన్లు పక్కపక్కన పెట్టి తేడా చూసుకోవచ్చు, సరిగ్గా వచ్చిందో లేదో ఎవరినీ అడగక్కర్లేదు.

పరీక్షించడానికి నిజమైన ఫోల్డర్ ఒకటి కావాలి. మీ పాత మినీ ప్రాజెక్టు ఏదైనా తీయండి. ఇక్కడ ఉదాహరణకి ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి రేట్లు చూపించే వెబ్‌సైట్ ప్రాజెక్టు అనుకుందాం: అందులో కొంత పైతాన్, కొంత జావాస్క్రిప్ట్, నోడ్ మాడ్యూల్స్ అనే కొండంత ఫోల్డర్, అక్కడక్కడా తెలుగు కామెంట్లు. ఎంత గజిబిజిగా ఉంటే అంత మంచిది.

మొదటి రోజు: నడిచేది ఏదో ఒకటి

గోని 2007లో గూగుల్‌లో రాబర్ట్ గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ మొదలుపెట్టారు, 2009 నవంబర్‌లో బయటికి వచ్చింది, 2012 మార్చిలో 1.0 వచ్చింది. ఈ చరిత్ర ఎందుకంటే, 1.0 కోసం రాసిన కోడ్ తర్వాతి వెర్షన్లలోనూ నడవాలని అప్పుడే మాటిచ్చారు, చాలావరకు నిలబెట్టుకున్నారు కూడా. అందుకే పాత పాఠాలు కూడా పనికొస్తాయి. ఒక్క మినహాయింపు గుర్తుపెట్టుకోండి: ఫర్ లూప్ వేరియబుల్ ప్రతి చుట్టుకీ కొత్తది కావడం 1.22తో, అంటే 2024 ఫిబ్రవరిలో వచ్చింది. పాత జవాబుల్లో లూప్ లోపల "ఎక్స్‌కి మళ్లీ ఎక్స్" అని వింతగా రాసి ఉంటే దాని కోసమే, ఇప్పుడు అక్కర్లేదు.

గో సైట్ నుంచి ఇన్‌స్టాల్ చేయండి, ఖాళీ ఫోల్డర్‌లో "గో మాడ్ ఇనిట్ బాకీ" కొట్టండి, మెయిన్ ఫైల్ ఒకటి తెరవండి. మొదటి రోజు లక్ష్యం ఇంతే: ఒకే ఒక్క ఫైల్ పేరు కోడ్‌లోనే రాసేసి, దాన్ని తెరిచి, లైన్ లైన్‌గా చదివి, "టూడూ" ఉన్న లైన్లు నంబర్‌తో ప్రింట్ చేయడం. ఫోల్డర్లు వద్దు, ఆప్షన్లు వద్దు.

ఇంత చిన్నదానిలోనే గో మిమ్మల్ని కాస్త విసిగిస్తుంది. వాడని వేరియబుల్ ఉంటే కంపైల్ కాదు, వాడని ఇంపోర్ట్ ఉన్నా కాదు. జావాలో ఇది మహా అయితే ఎడిటర్ చూపించే వార్నింగ్, ఇక్కడ ఎర్రర్. ఇంకోటి, ట్రై, క్యాచ్ ఉండవు. ఫైల్ తెరిచే ఫంక్షన్ రెండు విలువలు తిరిగిస్తుంది, ఫైల్ ఒకటి, ఎర్రర్ ఒకటి, ఎర్రర్ నిల్ (అంటే ఖాళీ) కాదేమో ప్రతిసారీ మీరే చూసుకోవాలి. మొదటి రెండ్రోజులు చిరాకేస్తుంది, ఎర్రర్‌ని అండర్‌స్కోర్‌లో పడేసి ముందుకు పోవాలనిపిస్తుంది. పడేయకండి. ఎందుకో వచ్చే భాగంలోనే తెలుస్తుంది.

ఇంటర్నెట్ లేకపోయినా ఇదంతా నడుస్తుందని చాలామందికి తెలియదు. "గో డాక్" అని రాసి పక్కన ప్యాకేజీ పేరు కొడితే వివరణ మీ లాప్‌టాప్‌లోనే వస్తుంది, స్టాండర్డ్ లైబ్రరీ సోర్స్ మొత్తం కూడా ఇన్‌స్టాల్‌తోనే దిగుతుంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైల్లో సిగ్నల్ వచ్చిపోతూ ఉన్నా పని ఆగదు.

ఫోల్డర్ మొత్తం నడవడం

ఇప్పుడు అసలు కథ. ఫోల్డర్ లోపల ఫోల్డర్లన్నీ తిరగడానికి ఫైల్‌పాత్ ప్యాకేజీలో వాక్‌డిర్ ఉంది, 1.16 నుంచి. వాక్ అనే పాత ఫంక్షన్ కూడా కనిపిస్తుంది, అది ప్రతి ఫైల్‌కీ విడిగా వివరాలు అడుగుతుంది కాబట్టి నెమ్మది, కొత్తదే వాడండి. ఫోల్డర్ పేరు, ఒక ఫంక్షన్ ఇస్తే, కనిపించిన ప్రతి ఫైల్‌కీ, ఫోల్డర్‌కీ ఆ ఫంక్షన్‌ని పిలుస్తుంది.

మార్కెట్ ప్రాజెక్టు మీద నడపగానే నోడ్ మాడ్యూల్స్ నుంచి ఎవరో రాసిన టూడూలు వరదలా వచ్చిపడతాయి. ఆ ఫోల్డర్ పేరు కనిపించినప్పుడు స్కిప్‌డిర్ అనే విలువని ఎర్రర్ స్థానంలో తిరిగిచ్చేయండి, లోపలికి పోదు. గో వాళ్లు ఎర్రర్‌ని మామూలు విలువగానే చూస్తారనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

తర్వాత మీకు సహజంగా వచ్చే ఆలోచన: చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లన్నీ వదిలేద్దాం, కోడ్ మార్పుల చరిత్రని గిట్ దాచుకునే డాట్ గిట్ లాంటివి. రాసి నడపండి. ఏమీ రాదు. ఒక్క లైన్ కూడా రాదు, ఎర్రర్ కూడా రాదు. ఎందుకంటే మీరు వెతకమని ఇచ్చిన ఫోల్డరే "డాట్", దాని పేరు చుక్కతోనే మొదలవుతుంది, టూల్ గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగింది. మొదలుపెట్టిన ఫోల్డర్‌కి ఈ నియమం వర్తించకుండా ఒక షరతు పెట్టండి.

అలాగే లేని ఫోల్డర్ పేరు ఒకటి ఇచ్చి చూడండి. కాల్‌బ్యాక్‌లోకి, అంటే వాక్‌డిర్‌కి మీరిచ్చిన ఫంక్షన్‌లోకి వచ్చే ఎర్రర్‌ని ముందుగా చూడకుండా పేరు అడిగితే ప్రోగ్రాం పానిక్ అయి పడిపోతుంది, ఎందుకంటే అలాంటప్పుడు ఫోల్డర్ వివరాల స్థానంలో నిల్ వస్తుంది. ఫంక్షన్ మొదటి లైన్‌లోనే ఎర్రర్ చూడాలి, ఆ తర్వాతే మిగతాది.

ఇక స్కానర్. లైన్లు చదవడానికి బఫ్‌ఐఓ ప్యాకేజీలో స్కానర్ అందరూ వాడేదే, విండోస్ ఫైళ్లలో లైన్ చివర వచ్చే అదనపు గుర్తుని కూడా అదే తీసేస్తుంది. కానీ ఒక లైన్ 64 కేబీ దాటితే ఆగిపోతుంది. అరవదు, పడిపోదు, ఫైల్ అయిపోయినట్టే లూప్ ముగిసిపోతుంది. మినిఫై చేసిన జావాస్క్రిప్ట్ ఫైల్లో మొత్తం కోడ్ ఒకే లైన్‌లో ఉంటుంది కాబట్టి ఇది కచ్చితంగా తగులుతుంది, గ్రెప్ చూపించిన లైన్ మీ టూల్ చూపించదు, మీరు గంటసేపు తల పట్టుకుంటారు. లూప్ తర్వాత స్కానర్ ఎర్రర్ ఏమైనా ఉందా అని అడిగితే అప్పుడు చెప్తుంది. ఎర్రర్లు పడేయొద్దన్నది ఇందుకే. బఫర్ అనే మెథడ్‌తో హద్దు పెంచుకోవచ్చు, లేదా అలాంటి ఫైల్‌ని వదిలేసి వదిలేసినట్టు చెప్పొచ్చు. నేనైతే రెండోదే చేస్తాను, మినిఫై చేసిన ఫైల్లో టూడూ దొరికి ఎవరికి లాభం?

ఫైల్ తెరిచిన వెంటనే డిఫర్ పెట్టి మూసేయమని అన్ని పాఠాల్లోనూ ఉంటుంది. నిజమే, కానీ డిఫర్ నడిచేది ఫంక్షన్ ముగిసినప్పుడు, లూప్ చుట్టు ముగిసినప్పుడు కాదు. వేల ఫైళ్లు ఒకే ఫంక్షన్‌లో లూప్ పెట్టి తెరిస్తే అన్నీ తెరిచే ఉంటాయి, చివరికి ఆపరేటింగ్ సిస్టం ఇక చాలు అంటుంది. ఒక్క ఫైల్ చదివే పని విడిగా ఒక ఫంక్షన్‌లో పెట్టండి, సమస్య దానంతటదే పోతుంది, కోడ్ కూడా చూడ్డానికి బాగుంటుంది.

ఫొటోలు, జిప్ ఫైళ్లు వదిలేయడానికి గిట్ పద్ధతే వాడుకోండి: మొదటి 8000 బైట్లలో సున్నా బైట్ ఉందంటే అది మామూలు టెక్స్ట్ కాదు. ఐదారు లైన్ల కోడ్.

"మిర్చి"లో ఎన్ని అక్షరాలు?

తెలుగు ఫైళ్లతో పనిచేసేవాళ్లు ఈ భాగం మాత్రం దాటేయకండి. "మిర్చి" అనే మాటకి గోలో లెన్ అడిగితే 18 వస్తుంది. పైతాన్‌లో 6. కంటికి కనిపించేవి రెండే. మూడూ నిజమే. అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ప్రతిదీ మూడు బైట్లు తీసుకుంటుంది, మకారం, గుడి, రకారం, పొల్లు, చకారం, మళ్లీ గుడి, మొత్తం ఆరు గుర్తులు, ఆరు మూళ్లు పద్దెనిమిది. గో స్ట్రింగ్ అంటే బైట్ల వరస, లెన్ బైట్లు లెక్కపెడుతుంది. అదే స్ట్రింగ్ మీద రేంజ్ లూప్ వేస్తే మాత్రం ఒక్కో గుర్తు, అంటే ఒక్కో రూన్ వస్తుంది. యూటీఎఫ్-8ని 1992లో రూపొందించింది కూడా కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌లే, అందుకే గోలో అది పైపూతగా కాకుండా పునాదిలోనే ఉంది.

బాకీలో ఇది ఎక్కడ తగులుతుంది? కామెంట్ పొడవుగా ఉంటే మొదటి అరవై చూపించి చివర చుక్కలు పెడదామనుకుంటారు. స్ట్రింగ్‌ని బైట్ల లెక్కన కోస్తే తెలుగు అక్షరం మధ్యలో తెగి ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ వస్తుంది. రూన్‌ల జాబితాగా మార్చి కోస్తే డైమండ్ రాదు కానీ ఒత్తు ఒక్కోసారి ఊడిపోతుంది. ఖాళీ ఎక్కడుందో చూసి అక్కడ కోయండి, గొడవ ఉండదు. పట్టికలా వరుసలు సర్దడం ఇంకో తలనొప్పి: ప్రింట్ ఫంక్షన్లు వెడల్పుని గుర్తుల లెక్కన కొలుస్తాయి, "మిర్చి"ని ఆరు గళ్లు అనుకుంటాయి, వరుస వంకర పోతుంది. దీనికి లైబ్రరీలు వెతికే ముందు తేలికైన దారి చూడండి, ఫైల్ పేరు, లైన్ నంబర్, వయసు ముందు పెట్టి తెలుగు ఉండే కామెంట్‌ని చివరి వరుసలో పెట్టండి. దాని తర్వాత సర్దాల్సింది ఏమీ ఉండదు.

మాటల నమూనా ఇచ్చి వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడితే ఇంకో సంగతి. గో రెగ్‌ఎక్స్‌లో ముందుచూపు, వెనకచూపు (లుక్‌అహెడ్, లుక్‌బిహైండ్) సౌకర్యాలు లేవు, కావాలనే పెట్టలేదు, ఎంత పెద్ద ఇన్‌పుట్ ఇచ్చినా సమయం అదుపులో ఉండాలని. మాట హద్దుని చూపే గుర్తు ఇంగ్లీష్ అక్షరాలకే పనిచేస్తుంది, తెలుగు మాటలకి కాదు.

వయసు చెప్పించడం

ఇక్కడే మీ టూల్ గ్రెప్‌ని దాటుతుంది. ఏ లైన్ ఎప్పుడు రాశారో గిట్ బ్లేమ్‌కి తెలుసు. ఓఎస్ ఎగ్జెక్ ప్యాకేజీతో గిట్‌ని మీ ప్రోగ్రాం నుంచే పిలవండి, పోర్సిలిన్ అనే ఆప్షన్ ఇస్తే మెషిన్ చదవగలిగే రూపంలో వస్తుంది, అందులో ఆథర్-టైం అని సెకన్లలో ఒక అంకె ఉంటుంది. దాన్ని తేదీగా మార్చండి. గో ఎగ్జెక్ మధ్యలో షెల్‌ని పెట్టదు కాబట్టి ఫైల్ పేరులో ఖాళీలున్నా కోట్స్ గొడవ లేదు. ఇంకా కమిట్ చేయని లైన్లకి హాష్ మొత్తం సున్నాలు వస్తాయి, వాటికి "కొత్తది" అని చూపించండి.

తేదీ చూపించే పద్ధతి చూసి నవ్వుకుంటారు. సంవత్సరానికి వై వై వై వై అని రాయరు, 2006 జనవరి 2, మధ్యాహ్నం 3:04:05 అనే ఒక నమూనా తేదీని మీకు కావలసిన రూపంలో రాస్తారు. నెల 1, తేదీ 2, గంట 3, నిమిషం 4, సెకను 5, సంవత్సరం 6. అమెరికా పద్ధతి వరస, నాకు ఇప్పటికీ నచ్చదు, కానీ మర్చిపోవడం కూడా కష్టమే.

ప్రతి లైన్‌కీ గిట్‌ని పిలిస్తే టూల్ నెమ్మదిస్తుంది. గోరూటీన్లు, అంటే ఒకేసారి పక్కపక్కన నడిచే ఫంక్షన్లు వాడటానికి ఇప్పుడు మీకు నిజమైన కారణం దొరికింది. ఇంతకుముందే వాడితే అది సరదా మాత్రమే. కానీ టూడూ ఒక్కోదానికి ఒక గోరూటీన్ వదలకండి, వందల గిట్ ప్రాసెస్‌లు ఒకేసారి లేచి లాప్‌టాప్ ఫ్యాన్ మోగిపోతుంది. గోరూటీన్లు ఒకదానికొకటి విలువలు పంపుకునే దారిని చానెల్ అంటారు, ఒక చానెల్‌లో పనులు వేయండి, నాలుగో ఎనిమిదో గోరూటీన్లు దాంట్లోంచి తీసుకుని చేయాలి, ఫలితాలు ఇంకో చానెల్‌లోకి రావాలి. అందరూ ఒకే మ్యాప్‌లో రాస్తే ప్రోగ్రాం కూలిపోవచ్చు. కూలకపోతే ఇంకా ప్రమాదం, తప్పు అంకెలు వస్తాయి. "రేస్" ఆప్షన్‌తో నడిపితే అలాంటి చోట్లు లైన్ నంబర్‌తో సహా చూపిస్తుంది. ఫలితాలు ప్రతిసారీ వేరే వరసలో వస్తాయి కాబట్టి ప్రింట్ చేసే ముందు పాతది పైన ఉండేలా సార్ట్ చేయండి.

పరీక్షలు, ఎగ్జిట్ కోడ్

టెస్టులకి బయటి ఫ్రేమ్‌వర్క్ ఏదీ వద్దు. ఫైల్ పేరు చివర అండర్‌స్కోర్ టెస్ట్ ఉండాలి, ఫంక్షన్ పేరు టెస్ట్‌తో మొదలవ్వాలి, అంతే. ఇన్‌పుట్, రావలసిన ఫలితం జతలుగా ఒక జాబితాలో రాసి లూప్ వేయడం గో వాళ్ల అలవాటు. మీరు ఇప్పటిదాకా పడ్డ తిప్పలన్నీ ఆ జాబితాలోకి ఎక్కించండి: చుక్క ఫోల్డర్, పొడవాటి లైన్, తెలుగు కామెంట్, లేని ఫోల్డర్.

ఎగ్జిట్ కోడ్, అంటే ప్రోగ్రాం ముగిసేటప్పుడు వెనక్కిచ్చే అంకె గురించి కాలేజీలో ఎవరూ చెప్పరు. బాకీలు లేకపోతే 0, ఉంటే 1, టూలే సరిగ్గా నడవకపోతే 2 అని పెట్టుకోండి. అప్పుడు ప్రతి కమిట్‌కి ముందు గిట్ నడిపే ప్రీ-కమిట్ హుక్‌లో దీన్ని పెట్టొచ్చు, సున్నా కానిది ఏదొచ్చినా గిట్ కమిట్ ఆపేస్తుంది. అన్ని టూడూలకీ ఆపితే మీ టీం మీ మీదికి యుద్ధానికొస్తుంది, ఫిక్స్‌మీలకే ఆపండి. ఓఎస్ ఎగ్జిట్ పిలిస్తే డిఫర్‌లు నడవవన్నది గుర్తుంచుకుని, పనంతా వేరే ఫంక్షన్‌లో చేసి అది ఇచ్చిన కోడ్‌తో మెయిన్‌లో ఒక్కచోటే పిలవండి.

ఏఐ సంగతి

వాడొద్దని చెప్పను, ఎలాగూ వాడతారు. "బాకీ టూల్ రాసి ఇవ్వు" అంటే నిమిషంలో ఇచ్చేస్తుంది, మీకు మిగిలేది ఏమీ ఉండదు. మీరు రాసిన ఫంక్షన్ ఇచ్చి "గో తెలిసినవాళ్లు ఇందులో ఏం మారుస్తారు, ఎందుకు" అని అడగండి. జావా వాసన ఎక్కడెక్కడ కొడుతోందో చెప్తుంది, ముఖ్యంగా గెటర్లు, సెట్టర్లు, అవసరం లేని ఇంటర్‌ఫేస్‌లు.

ఇంకొకరి చేతికివ్వండి

ఏ ఆపరేటింగ్ సిస్టం, ఏ రకం ప్రాసెసర్ అని చెప్పే గూస్, గోఆర్క్ అనే రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మార్చి బిల్డ్ కొడితే మీ లినక్స్ లాప్‌టాప్‌లోనే విండోస్ ఈఎక్స్‌ఈ తయారవుతుంది. ఒకే ఫైల్, అవతలి మెషిన్‌లో గో ఉండక్కర్లేదు. ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేని ల్యాబ్ కంప్యూటర్లో కూడా పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది, విండోస్ భద్రత చూసే స్మార్ట్‌స్క్రీన్ ఒకసారి హెచ్చరించొచ్చు. రూమ్మేట్ ప్రాజెక్టు మీద నడపమని ఇచ్చి మీరు పక్కన కూర్చోండి, సాయం చేయకండి. ఫోల్డర్ పేరు ముందు ఇచ్చి ఆప్షన్ తర్వాత ఇస్తాడు, టూల్ ఆప్షన్‌ని పట్టించుకోదు, ఎందుకంటే గో ఫ్లాగ్ ప్యాకేజీ ఆప్షన్ కాని మాట కనిపించగానే చదవడం ఆపేస్తుంది. హెల్ప్‌లో వాడే వరస రాసిపెట్టండి.

ఇదంతా అయ్యాక రస్ట్ మీద మనసుంటే మళ్లీ బాకీనే రాయండి, కొత్త టూల్ వద్దు. ఫోల్డర్లు తిరిగే సౌకర్యం అక్కడ స్టాండర్డ్ లైబ్రరీలో సిద్ధంగా ఉండదు, వాక్‌డిర్ పేరుతోనే బయటి క్రేట్ (రస్ట్ వాళ్లు లైబ్రరీని అనే పేరు) తెచ్చుకోవాలి లేదా మీరే రాసుకోవాలి. ఫైల్ మూయడానికి డిఫర్ అక్కర్లేదు, వేరియబుల్ పరిధి దాటగానే మూసుకుంటుంది. ఫైల్ పేరు మామూలు స్ట్రింగ్ కాదు, వేరే రకం, దాన్ని ప్రింట్ చేయడానికే ఒక మెథడ్ పిలవాలి. "మిర్చి"ని అక్షరం మధ్యలో బైట్ లెక్కన కోస్తే గోలాగా డైమండ్ చూపించి ఊరుకోదు, ప్రోగ్రాంని అక్కడికక్కడే ఆపేస్తుంది.